సంతకానికి ముందు, గడువుకు లోపల



1977లో బొంబాయి విమానాశ్రయంలో ఒక సెకండ్ క్లాస్ రెస్టారెంటు, రెండు స్నాక్ బార్లు నడపడానికి ఎయిర్‌పోర్ట్ అథారిటీ టెండర్లు పిలిచింది. కనీసం ఐదేళ్ల అనుభవం ఉండి, సెకండ్ క్లాస్ హోటల్ యజమానిగా రిజిస్టరైనవారే టెండరు వేయాలని ప్రకటనలో రాసింది. తీరా చూస్తే, టెండరు దక్కించుకున్నవారికి ఆ రిజిస్ట్రేషన్ లేదు. క్యాంటీన్లు నడిపిన అనుభవం మాత్రం ఉంది. రమణ దయారాం శెట్టి అనే ఆయన దీనిమీద కోర్టుకెక్కారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వచ్చింది. ప్రభుత్వ సంస్థ తాను పెట్టిన షరతుకు తానే కట్టుబడి ఉండాలనీ, ఒకరికి సడలించి మరొకరిని గడప బయటే ఆపడం కుదరదనీ 1979 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. టెండర్ల తగాదా ఏ హైకోర్టుకు వచ్చినా వకీళ్లు ఈనాటికీ ఈ తీర్పును ఉదహరిస్తూనే ఉంటారు.

మరి శెట్టిగారికి ఏం దక్కింది? ఏమీ దక్కలేదు. టెండరు ఖరారైంది ఏప్రిల్‌లో. ఆయన కోర్టు మెట్లెక్కింది నవంబరులో. ఈలోగా అవతలివారు లక్షా పాతిక వేల రూపాయలు ఖర్చుపెట్టి హోటలుకు కావలసిన ఏర్పాట్లన్నీ చేసుకున్నారు. పైగా ఈయన అసలు టెండరే వేయలేదు. వెనక ఎవరో ఉండి నడిపిస్తున్నారన్న అనుమానం కూడా కోర్టుకు కలిగింది. దాంతో సూత్రాన్ని నిలబెట్టిన కోర్టే ఆయన పిటిషన్‌ను కొట్టేసింది.

ఉద్యోగం, ప్రభుత్వ టెండరు, వ్యాపార ఒప్పందం. ఈ మూడింట్లో మనం ఎక్కడ ఉన్నా, మనల్ని ఆదుకునే చట్టాలకు కొదవ లేదు. కానీ చట్టం రెండే అడుగుతుంది. కాగితం ఏది? ఎప్పుడు వచ్చావు? ఈ రెండింటికీ జవాబు చేతిలో ఉన్నవారికి హక్కు పనికొస్తుంది. లేనివారికి అది పుస్తకంలోనే ఉండిపోతుంది. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ కాగితాల గురించి, ఆ తేదీల గురించి.

ముందు ఉద్యోగం సంగతి.

మన దగ్గర పిల్లలకు ఆఫర్ లెటర్ రాగానే ఇంటిల్లిపాదీ చూసేది జీతం అంకె ఒక్కటే. ఆ తర్వాతి పేజీలన్నీ ఒకసారి తిప్పేసి సంతకం పెట్టేస్తారు. ఆ పేజీల్లో నాలుగు విషయాలు వెతకండి. మానేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి? బాండ్ ఉందా? మానేశాక పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు ఉందా? తగాదా వస్తే ఏ ఊరి కోర్టుకు వెళ్లాలి?

బాండ్ చెల్లదని కొందరు ధీమాగా చెబుతుంటారు. బాండ్ రాశాక ఇక కదలడానికి లేదని ఇంకొందరు భయపెడతారు. రెండూ నిజం కాదు. 2025 మే 14న సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో ఒక తీర్పు ఇచ్చింది. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు మీద చేరిన సీనియర్ మేనేజర్, గడువు తీరకముందే మరో బ్యాంకుకు వెళ్లిపోయారు. ఆ షరతు చెల్లుతుందని కోర్టు చెప్పింది. ఎందుకు? ప్రభుత్వ రంగ బ్యాంకు ఒక ఖాళీ భర్తీ చేయాలంటే ప్రకటన ఇవ్వాలి, పరీక్ష పెట్టాలి, అందుకు ఖర్చూ కాలమూ పడతాయి. ఆ హోదాలో, ఆ జీతంలో ఉన్నవారికి రెండు లక్షలు మోయలేని భారమూ కాదు. అంటే కోర్టు చూసింది మొత్తం ఎంత, దాని వెనక నిజమైన నష్టం ఉందా అన్నది. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. ఒప్పందంలో ఎంత రాసుకున్నా అది గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సబబైన పరిహారమే ఇప్పిస్తారు. రెండు వారాల ట్రైనింగ్ ఇచ్చి ఐదు లక్షలు కట్టమంటే, ఆ ఐదు లక్షలకు లెక్క చెప్పాల్సింది కంపెనీయే.

ఇక పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు. ఉద్యోగంలో ఉన్నంతకాలం అది చెల్లుతుంది. జీతం ఇక్కడ తీసుకుంటూ పని అక్కడ చేయకూడదు కదా. కానీ ఉద్యోగం వదిలేశాక కూడా ఫలానా కంపెనీలో చేరవద్దు అంటే, అది కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద నిలబడదు. 1872 నాటి చట్టం అది, ఈ విషయంలో ఇప్పటికీ గట్టిగానే ఉంది. అయితే పాత కంపెనీ రహస్యాలు, కస్టమర్ల జాబితాలు పట్టుకుపోవడం వేరే సంగతి. ఆ పని చేస్తే 27వ సెక్షన్ కాపాడదు.

సర్టిఫికెట్లు. చేరేటప్పుడు ఒరిజినల్స్ ఇమ్మంటారు, వెళ్లేటప్పుడు తిరిగి ఇవ్వడానికి ససేమిరా అంటారు. చదువు సర్టిఫికెట్లు తాకట్టు వస్తువులు కావు. బాండ్ డబ్బు రావాలంటే కంపెనీ దావా వేసుకోవచ్చు. సర్టిఫికెట్లు బిగబట్టి వసూలు చేసుకునే హక్కు దానికి లేదు. ఒరిజినల్స్ చూపించండి, జిరాక్స్ ఇవ్వండి. ఇవ్వక తప్పని పరిస్థితి అయితే, ఏయే సర్టిఫికెట్లు ఏ తేదీన తీసుకున్నారో రాయించి రసీదు పట్టుకోండి.

కోర్టు ఏ ఊరిలో అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందుకు ఒక ప్రైవేటు బ్యాంకు ఉద్యోగుల కేసులు వచ్చాయి. ఒకరు పాట్నాలో, మరొకరు ఢిల్లీలో పనిచేశారు. నియామక పత్రంలో మాత్రం తగాదాలు ముంబై కోర్టుల్లోనే అని ఉంది. సంతకం పెట్టారు కాబట్టి ముంబైకే వెళ్లాలని కోర్టు చెప్పింది. విజయనగరంలో పనిచేసే అమ్మాయి ముంబై వెళ్లి దావా నడపగలదా? ఆ ఒక్క వాక్యాన్ని సంతకానికి ముందు చూసుకుంటే, కనీసం మార్చమని అడగొచ్చు.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్లు దేశమంతటా అమల్లోకి వచ్చాయి. వాటిలో ఉద్యోగులు గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని చెబుతాను. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. ఉద్యోగం మానేసినా, తీసేసినా, రావలసిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు కావాలన్నది మామూలు నియమమే అయినా, నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగులకు ఏడాది పనిచేస్తే చాలు. ఉద్యోగి చనిపోయినా, వైకల్యం వచ్చినా ఐదేళ్ల లెక్క అక్కర్లేదు.

గ్రాట్యుటీ ఎంతో మీరే లెక్క వేసుకోవచ్చు. చివరి నెల వేతనాన్ని, అంటే బేసిక్, కరువు భత్యం కలిపి, 26తో భాగించి 15తో గుణించండి. వచ్చినదాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించండి. వేతనం 26 వేలు, సర్వీసు పదేళ్లు అయితే లక్షా యాభై వేలు. అలవెన్సుల పేరుతో వేతనాన్ని తక్కువ చేసి చూపించే ఎత్తుగడకు కూడా కొత్త కోడ్ అడ్డుకట్ట వేసింది. మొత్తం జీతంలో అలవెన్సులు సగం దాటితే, దాటిన భాగం వేతనంలోనే కలుస్తుంది.

ప్రావిడెంట్ ఫండ్ విషయంలో అయితే ఎవరినీ అడగక్కర్లేదు. ప్రతి నెలా జీతంలో పట్టుకున్న సొమ్మును మరుసటి నెల 15వ తేదీలోగా యాజమాన్యం జమ చేయాలి. మీ యూఏఎన్ నంబరుతో పాస్‌బుక్ చూసుకోండి. పే స్లిప్పులో కోత ఉండి పాస్‌బుక్కులో జమ లేకపోతే, అది నేరం కిందికి వస్తుంది. రెండు మూడేళ్ల తర్వాత కంపెనీ మూతపడ్డాక చూసుకుని లాభం లేదు. మూడో నెలలోనే పీఎఫ్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఔట్‌సోర్సింగ్‌లో, ఏజెన్సీల కింద పనిచేసేవారికి ఒక మాట. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే, మీతో పని చేయించుకున్న అసలు సంస్థ ఆ జీతం చెల్లించి, తర్వాత ఏజెన్సీ దగ్గర రాబట్టుకోవాలి. ఇది పాత కాంట్రాక్టు లేబర్ చట్టంలోనూ ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంది. కానీ మీరు ఆ సంస్థలో పనిచేశారని చూపించేది ఏది? హాజరు పట్టీ ఫొటో, గేట్ పాస్, డ్యూటీ చార్టు. వాటిని దాచుకోండి.

పనిచేసే చోట లైంగిక వేధింపులు ఎదురైన మహిళలు తెలుసుకోవాల్సిన గడువు మూడు నెలలు. పదిమంది, అంతకుమించి సిబ్బంది ఉన్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. లేని చోట్ల జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగించే అధికారం కమిటీకి ఉంది. అయినా పొడిగింపును నమ్ముకోకండి, మొదటి మూడు నెలల్లోనే రాసి ఇవ్వండి.

ఇప్పుడు టెండర్ల సంగతి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలైంది. టెండరు బాక్సు దగ్గర కాపలా కాయడం, ఇంకొకరిని వేయనివ్వకుండా అడ్డుకోవడం, ఇలాంటివి దాంతో చాలావరకు తగ్గాయి. కేంద్ర ప్రభుత్వం 2016లో జెమ్ పోర్టల్ తెచ్చింది. కాబట్టి ఇప్పుడు చిన్న ఊళ్లోని చిన్న యూనిట్ కూడా ఇంట్లో కూర్చుని బిడ్ వేయొచ్చు. కానీ కంప్యూటర్‌కు మొహమాటం ఉండదు. డిజిటల్ కీ గడువు తీరినా, ఒక్క పత్రం అప్‌లోడ్ కాకపోయినా, సమయం దాటి ఒక్క నిమిషమైనా బిడ్ తీసుకోదు. చివరి రోజు సాయంత్రం దాకా ఆగడం కంటే పెద్ద పొరపాటు టెండర్లలో ఇంకొకటి లేదు.

టెండరు డాక్యుమెంట్‌లో షరతు అన్యాయంగా ఉందనిపిస్తే, ప్రీ-బిడ్ సమావేశంలోనే రాతపూర్వకంగా అడగండి. అప్పుడు మౌనంగా ఉండి బిడ్ వేసి, అతి తక్కువ ధర చెప్పిన ఎల్-1గా నిలవకపోయేసరికి ఆ షరతే తప్పంటే కోర్టు వినదు. ఆట ఆడాక నిబంధనలు బాగాలేవంటే ఎలా అన్నది కోర్టుల వైఖరి. మీ బిడ్‌ను అన్యాయంగా తిరస్కరిస్తే, కారణం అడిగే హక్కు మీకుంది. అదే రోజు మెయిల్ పెట్టండి. ఒప్పందం మీద సంతకాలై, పని మొదలైతే చెయ్యి దాటిపోయినట్టే. ముఖ్యంగా రోడ్లు, వంతెనలు, నీటి ప్రాజెక్టుల్లాంటి పనులు ఆపడానికి కోర్టులు సుముఖంగా ఉండవు. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని సవరించి మౌలిక వసతుల పనుల మీద ఇంజంక్షన్లకు అడ్డుకట్ట వేశారు. పని ఆపడం కాదు, నష్టపరిహారం అడగమని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కొన్ని వెసులుబాట్లున్నాయి. 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల విధానం ప్రకారం కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు ఏటా తమ కొనుగోళ్లలో కనీసం 25 శాతం ఈ పరిశ్రమల నుంచే కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలకు, 3 శాతం మహిళలకు. బిడ్‌తో పాటు కట్టే ధరావతు, అంటే ఈఎండీ, కట్టనక్కర్లేదు. మీ ధర ఎల్-1 కంటే 15 శాతం లోపు ఎక్కువైతే, ఎల్-1 ధరకు దిగివచ్చి ఆర్డరులో కొంత భాగం పొందొచ్చు. అయితే ఇవి సరుకు తయారీదారులకు, సేవలు అందించేవారికి. కొని అమ్మే వ్యాపారులు, సివిల్ పనుల కాంట్రాక్టర్లు తమకూ వర్తిస్తుందనుకుని ఈఎండీ కట్టకుండా బిడ్ వేస్తే, తెరిచిన వెంటనే పక్కన పడేస్తారు.

ఇక పని దక్కాక వచ్చే చిక్కులు. కాంట్రాక్టర్లకు బాగా తెలిసిన ఒక సంభాషణ ఉంది. "సార్, ఈ కల్వర్టు మన ఎస్టిమేట్‌లో లేదు కదా" అంటే, "మీరు కానివ్వండి, కాగితాలు తర్వాత చూసుకుందాం, నేనున్నాగా" అంటారు అసిస్టెంట్ ఇంజినీరు, అదే ఏఈ గారు. ఆయన మంచివారే కావచ్చు. కానీ బిల్లు వచ్చేనాటికి ఆయన బదిలీ అయిపోతారు. కొత్తగా వచ్చినాయనకు ఫైల్లో కనిపించని పని కనిపించనట్టే.

ఇలాంటి పరిస్థితికి చట్టం ఏమంటుంది? రాజ్యాంగం 299వ అధికరణ ప్రకారం ప్రభుత్వ ఒప్పందం రాష్ట్రపతి పేరుమీదో, గవర్నర్ పేరుమీదో, అధికారం ఉన్నవారి సంతకంతో ఉండాలి. నోటిమాట ప్రభుత్వాన్ని కట్టిపడేయదు. మరి చేసిన పని గాలికేనా? కాదు. దీనికి పాత కేసొకటి ఉంది. 1944లో బెంగాల్‌లోని ఆరాంబాగ్‌లో బి.కె. మండల్ అండ్ సన్స్ అనే సంస్థ స్థానిక అధికారుల మాట మీద సివిల్ సప్లైస్ శాఖ కోసం కచ్చా రోడ్డు వేసింది, గార్డు గది, వంటిల్లు, గుమాస్తాల గదులు, గిడ్డంగుల షెడ్లు కట్టింది. బిల్లు 19 వేల రూపాయల పైచిలుకు. సరైన ఒప్పందం లేదంటూ ప్రభుత్వం చెల్లించలేదు. ఉచితంగా చేయాలని కాకుండా చేసిన పని ఫలితాన్ని నువ్వు అనుభవించావు కాబట్టి, కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కింద దానికి పరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పింది ఎప్పుడు? 1961 డిసెంబరులో. పని చేసిన 17 ఏళ్లకు.

70వ సెక్షన్ ఉందన్న ధైర్యం అంతవరకే. పదిహేడేళ్లు ఆగే ఓపిక ఎవరికుంది? అందుకే ఏఈ గారు నోటితో చెప్పిన రోజు సాయంత్రమే, మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. "ఈ రోజు సైటు వద్ద తమరు సూచించిన మేరకు ఫలానా చైనేజీ వద్ద కల్వర్టు పని మొదలుపెడుతున్నాము. దీనికి అదనపు ఐటమ్‌గా మంజూరు ఇప్పించగలరు." ఇంతే. గొడవ పడక్కర్లేదు, లా పాయింట్లు రాయక్కర్లేదు. ఆఫీసు ఇన్‌వార్డులో ఇచ్చి, మన ప్రతి మీద తేదీ ముద్ర, నంబరు వేయించుకోండి. ముద్ర వేయడానికి వెనకాడితే అదే ఉత్తరం మెయిల్‌లోనూ, పోస్టులోనూ పంపండి.

ఎం-బుక్కులో కొలతలు రాసేటప్పుడు దగ్గరుండండి. కొలతలతో ఏకీభవించకపోతే ఆ విషయం అప్పుడే రాసివ్వండి. స్థలం అప్పగించడంలో ఆలస్యం, కరెంటు స్తంభాలు తీయకపోవడం, వానలు, వీటన్నిటినీ ఏరోజుకారోజు సైటు రిజిస్టర్‌లో నమోదు చేయించండి. గడువు పొడిగింపు కావాలంటే, గడువు ముగియకముందే అడగండి.

ఫైనల్ బిల్లు ఇచ్చేటప్పుడు "నాకు రావలసినది ఇంకేమీ లేదు" అని రాసి సంతకం పెట్టమంటారు. డబ్బు అవసరానికి చాలామంది పెట్టేస్తారు. ఒత్తిడిలో రాసిచ్చిన ఇలాంటి కాగితం తగాదాను ముగించినట్టు కాదని 2008లో బోఘారా పాలీఫ్యాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఒత్తిడి జరిగిందని ఊరికే అంటే సరిపోదు, చూపించాలి. చెక్కు చేతికి రాగానే, ఒకటి రెండు రోజుల్లోనే, "విధిలేక సంతకం పెట్టాను, నా క్లెయిములు ఇవి" అని రాస్తే ఆ మాటకు విలువ. రెండేళ్ల తర్వాత లాయరు నోటీసులో మొదటిసారి రాస్తే, అది లాయరు ఆలోచనలా కనిపిస్తుంది.

బ్లాక్‌లిస్ట్ చేస్తామని బెదిరిస్తే కంగారుపడకండి. వివరణ అడగకుండా బ్లాక్‌లిస్ట్ చేయడం చెల్లదని 1974 నుంచీ సుప్రీంకోర్టు చెబుతోంది. షోకాజ్ నోటీసులో బ్లాక్‌లిస్ట్ చేయబోతున్నట్టు స్పష్టంగా తెలిసేలా ఉండాలని 2014లో గూర్ఖా సెక్యూరిటీ కేసులో తేల్చింది. కాబట్టి షోకాజ్ నోటీసు రాగానే నిర్లక్ష్యం చేయకుండా, గడువులోపల జవాబివ్వండి. జవాబివ్వకపోవడమే మీకు వ్యతిరేకంగా పనిచేస్తుంది.

ఆర్బిట్రేషన్ నిబంధన కూడా చూసుకోండి. తగాదా వస్తే శాఖే ఆర్బిట్రేటర్‌ను నియమిస్తుందని చాలా ప్రభుత్వ ఒప్పందాల్లో ఉండేది. ఒక పక్షమే ఏకపక్షంగా ఆర్బిట్రేటర్‌ను నియమించుకోవడం సమానత్వానికి విరుద్ధమని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. పాత నమూనాలో అలా రాసి ఉన్నంత మాత్రాన ఒప్పుకోనక్కర్లేదు.

చివరిగా వ్యాపార ఒప్పందాలు.

సిరిసిల్లలో ఒక మరమగ్గాల యూనిట్ హైదరాబాద్‌లోని పెద్ద కంపెనీకి గుడ్డ పంపిందనుకోండి. లేదా విజయవాడ ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపు విడిభాగాలు చేసిచ్చిందనుకోండి. డబ్బుకు ఆర్నెల్లు తిప్పుతున్నారు. ఎంఎస్ఎంఈ చట్టం, 2006లో దీనికి గట్టి మందే ఉంది. ఒప్పందంలో గడువు రాసుకోకపోతే సరుకు తీసుకున్న 15 రోజుల్లో, రాసుకున్నా సరే 45 రోజులకు మించకుండా డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. సరుకు బాగాలేదనుకుంటే కొనుగోలుదారు 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే అంగీకరించినట్టే. వసూలుకు ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. అక్కడ వచ్చిన తీర్పును కొనుగోలుదారు సవాలు చేయాలంటే ముందు 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్నులోనూ ఒక మెలిక పెట్టారు. గడువు దాటించిన బకాయిని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోవడానికి వీల్లేదు. పన్ను భయానికైనా మార్చిలోపు చెల్లించక తప్పదు.

ఇంత బలమైన చట్టం దక్కాలంటే చేయాల్సింది ఒకటే, ఉద్యమ్ రిజిస్ట్రేషన్. అది ఉచితం. ఎవరికీ డబ్బివ్వక్కర్లేదు. కానీ సరుకు పంపకముందే చేయించుకోవాలి. డబ్బు ఆగిపోయాక రిజిస్ట్రేషన్ చేయించుకుని పాత బకాయిలకు ఈ చట్టం వర్తింపజేయమంటే కుదరదని 2021లోనూ, 2022లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపారు. ఆ తీర్పు ఎలా వచ్చినా, రిజిస్ట్రేషన్ ముందే ఉన్నవారికి దిగులుండదు. ఈ బకాయిల రక్షణ సూక్ష్మ, చిన్న పరిశ్రమలకే. ఇతరుల సరుకు కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ ఉన్నా, అది బ్యాంకు రుణాల కోసం మాత్రమే.

ఇక మనందరికీ తెలిసిన ప్రోనోటు. డబ్బు బాకీలకు లిమిటేషన్ మూడేళ్లు. ఆ మూడేళ్లూ పూర్తయ్యేలోగా బాకీదారు కొంత కట్టి, నోటు వెనక చెల్లు వేస్తే అప్పటినుంచి మళ్లీ మూడేళ్లు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. చెల్లు అప్పిచ్చినవారు రాసుకుంటే చెల్లదు. బాకీదారు స్వదస్తూరితో ఉండాలి, లేదా ఆయన సంతకం ఉండాలి. అదీ మూడేళ్లు దాటకముందే. "మీ డబ్బు ఎక్కడికి పోతుందండీ, పంట రాగానే ఇచ్చేస్తా" అని ఎన్నిసార్లు అన్నా లిమిటేషన్ ఆగదు. వ్యాపార ఖాతాలకూ ఇదే సూత్రం. ప్రతి మార్చి నెలాఖరుకు బాకీ ఎంతో ఒక కాగితం మీద రాసి, అవతలివారి సంతకం తీసుకోండి. మొహమాటపడాల్సిందేమీ లేదు, ఆడిటర్ అడిగారని చెప్పండి.

చెక్కు బౌన్సయితే తేదీలు ఇంకా ఇరుకు. చెక్కు మీద తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. తిరిగివచ్చినట్టు బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో లాయరు నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజులు చూడాలి. డబ్బు రాకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఈ వరుసలో నోటీసు 30 రోజులు దాటితే, ఆ చెక్కు మీద ఆ బౌన్సుకు క్రిమినల్ కేసు ఉండదు.

మూడు లక్షలు, ఆపైన విలువైన వ్యాపార తగాదాలు వాణిజ్య కోర్టుకు వెళ్తాయి. అత్యవసర ఉత్తర్వు అక్కర్లేని కేసుల్లో దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. మీమీదే దావా పడితే, సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఎంత బతిమాలినా 120 రోజులు దాటితే ఆ హక్కే పోతుంది. మామూలు సివిల్ కోర్టులో వాయిదాలు అడిగినట్టు ఇక్కడ అడిగితే నష్టపోతారు.

వాట్సాప్ సందేశాల గురించి తరచూ అడుగుతారు. ఆర్డర్లు, ధరలు, "సరుకు అందింది" అన్న మాటలు, ఇప్పుడన్నీ అందులోనే. అవి సాక్ష్యంగా పనికొస్తాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. కాబట్టి స్క్రీన్‌షాట్ తీసుకుని అసలు చాట్ తుడిచేయకండి. ఫోను మార్చినా పాత ఫోను, బ్యాకప్ ఉంచుకోండి.

ఇవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారంటారా? గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ప్రతి ఉద్యోగానికీ, ప్రతి పనికీ, ప్రతి పెద్ద ఖాతాకూ ఒక ఫైలు పెట్టండి. ఫైలు అట్ట లోపలివైపు తేదీలు రాయండి. సంతకం ఎప్పుడు, గడువు ఎప్పుడు, చివరి చెల్లు ఎప్పుడు, నోటీసు ఎప్పుడు. నెలకోసారి ఆ అట్ట చూడండి. దగ్గరపడిన తేదీ కనిపిస్తే అప్పుడు లాయరు దగ్గరకు వెళ్లండి. అలా వెళ్లినవారికి చేయగలిగింది చాలా ఉంటుంది.

లాయరు ఫీజు భరించలేమని ఆగిపోకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చింది. ఆదాయ పరిమితికి లోబడి ఇతరులకూ ఉంది. మీ జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ చేయాలంటే 15100. వెళ్లేటప్పుడు సంతకం పెట్టిన కాగితం, వచ్చిన చివరి ఉత్తరం, ఈ రెండూ తప్పకుండా పట్టుకెళ్లండి. అక్కడివారు ముందుగా అడిగేవి అవే.